రసి కాదు, చెమ్మ

ఫిబ్రవరి 11, బుధవారం

పొద్దుటి నుంచి ఫోన్లతోనే సరిపోయింది. మోకాళ్లూ తుంటికీళ్లూ మార్పించుకుని ఇళ్లకు వెళ్లినవాళ్లను వరసబెట్టి పలకరించి, కోత దగ్గర ఎర్రగా ఉందా, వేడిగా ఉందా, ఏమన్నా కారుతోందా, వాసనొస్తోందా, జ్వరమా అని అడగడం నా ఉద్యోగం. ఎవరిని అడిగినా జవాబు ఒకటే. బాగానే ఉందమ్మా.

రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన కూడా బాగానే ఉందన్నాడు. వెనక నుంచి ఆయన భార్య, కుక్క సంగతి చెప్పవేం అని అరిచింది. అప్పుడు అసలు సంగతి కక్కాడు. కట్టు తడిసిందని విప్పి అవతల పారేశాడట. గాలి తగలాలని వరండాలో కాలు చాపుకుని కూర్చుంటాడట. పెంపుడు కుక్క వచ్చి కుట్ల మీద నాకి పోతుందట. దాని నాలుకలో మందుంటుందని నాకే పాఠం చెప్పబోయాడు. ఛీ. ఉన్నపళంగా బయల్దేరి రమ్మన్నాను. ఇంకొకావిడ కుట్ల మీద మొహం పౌడరు చల్లుకుంటోంది, వాసన రాకుండా. వాసనొస్తోందని మాత్రం చచ్చినా ఒప్పుకోదు.

హాస్పిటల్లో నా పేరు చీము సిస్టర్. ఎదురుగా అనరు, నేను అటు తిరగ్గానే అంటారు. పెట్టింది మా అక్క మొగుడే. ఇక్కడ కీళ్లు మార్చే సర్జన్లలో అందరికంటే పెద్ద ఆయనే. ఇంట్లో బావా అంటాను, ఇక్కడ సార్ అంటాను. నన్ను ఈ ఉద్యోగంలో పెట్టించింది కూడా ఆయనే కాబట్టి, పేరు పెట్టినా పడాలి.

పోయిన నెల అమ్మ కుడి మోకాలు మార్చింది కూడా బావే. నా గదికి ఇన్ని మెట్లు ఎక్కలేదని అమ్మ అక్క వాళ్ల ఇంట్లోనే ఉంది. అందరితోపాటు తనకీ ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడిగాను. "బాగానే ఉందే చిన్నదానా, అల్లుడు రోజూ చూస్తున్నాడు" అంది. బాగుంది అని రాసుకున్నాను.

ఫిబ్రవరి 14, శనివారం

అక్క వాళ్లింటికి వెళ్లాను. అమ్మ గదిలో అడుగు పెట్టగానే ముక్కు పుటాలదిరాయి. గదికి ఆనుకుని బాత్రూం ఉంది, దాని డ్రైనేజీ కంపు. దాని మీద ఎవరో సెంటు కొట్టారు. కంపు ఒక రకం, కంపు మీద సెంటు కొడితే మరో రకం. ఇంత ఇల్లు కట్టుకుని డ్రైనేజీ చూసుకోలేరా అని అక్కను తిట్టాను. అక్క నోరు మెదపలేదు. మామూలుగా ఒక మాటకు పది అప్పజెప్పే మనిషి.

అమ్మ నడుము దాకా దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఉక్కగా ఉంది కదా తియ్యనా అంటే వద్దంది. కట్టు చూస్తానంటే గయ్యిమంది. నా చేతులకు ఊళ్లోవాళ్ల చీము అంతా ఉంటుందట, ముట్టుకోవద్దట. అందరం నవ్వాం. నేనూ నవ్వాను, కాస్త కష్టంగానే.

అంతలో పక్కింటి టైలరమ్మ వచ్చింది. జీవితమంతా మిషన్ తొక్కీ తొక్కీ రెండు మోకాళ్లూ అరగదీసుకున్న మనిషి. గుమ్మం పట్టుకుని, మంచం కోడు పట్టుకుని, కుర్చీ దాకా ఎలాగో చేరింది. అమ్మను చూసి ధైర్యం వచ్చిందని, తనూ బావ దగ్గరే చేయించుకుంటానని చెప్పింది. అమ్మ అల్లుణ్ణి పొగడడం మొదలుపెడితే ఇక ఆగదు. ఆ చేతుల్లో ఏదో ఉందంటుంది, కోసినట్టే తెలియలేదంటుంది. టైలరమ్మ వింటూ వింటూ చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. జలుబేమో.

ఫిబ్రవరి 15, ఆదివారం

అక్కకు ఫోన్ చేసి మళ్లీ చెప్పాను, ప్లంబరును పిలవమని.

ఫిబ్రవరి 18, బుధవారం

ఈ రోజు మీటింగు. గోడకు పెద్ద బ్యానరు: ఆరు నెలలుగా ఇన్ఫెక్షన్లు సున్నా. బ్యానరుతో సరిపెట్టారా, కేకు కూడా తెప్పించారు. సున్నా ఆకారంలో ఉన్న కేకు. పైన తెల్లటి క్రీము. బావ చేత కోయించారు. ఎంత నాజూగ్గా కోశాడో. పక్కలనుంచి క్రీము పొంగి కారింది. నా ముక్క కాగితపు ప్లేటులోనే వదిలేశాను. నర్సు ఒకామె, తినకపోతే ఇలా ఇవ్వండి అని తీసుకుంది.

ఈ సున్నా ఎలా వచ్చిందో నాకు తెలుసు. అక్కడ చప్పట్లు కొట్టిన వాళ్లందరికీ తెలుసు. మా దగ్గర ల్యాబులో క్రిమి పెరిగితేనే లెక్క. గాయంలోంచి నీరు తీసి ల్యాబుకు పంపాలి, అక్కడ పెరగాలి, అప్పుడు నేను రాయాలి. బావ ఏం చేస్తాడంటే, మనిషి రాగానే ముందు యాంటీబయాటిక్ మాత్రలు మొదలుపెట్టిస్తాడు. మూడు నాలుగు రోజులు మింగాక నీరు తీయమంటాడు. మందు పడ్డ నీళ్లలో ఇంకేం పెరుగుతుంది? ఏమీ పెరగలేదని ల్యాబు వాళ్లు రాస్తారు. లోపల అది సగం చచ్చి, సగం దాక్కుని ఉంటుంది. మాత్రలు ఆపాక మళ్లీ లేస్తుంది. అప్పటికి ఆ మనిషి ఏ హాస్పిటల్‌కు పోతాడో ఎవడికి తెలుసు.

కుక్క నాకిన డ్రైవరుదీ ఇదే కథ. నేను వచ్చి చూసేలోపే మాత్రలు రాసిచ్చి ఇంటికి పంపేశారు. కాలు వాచి మెరుస్తోందని, కట్టు పచ్చగా తడిసిందని చూసిన నర్సే చెప్పింది. కాగితంలో మాత్రం "కుట్ల దగ్గర కొద్దిగా చెమ్మ" అని ఉంది. రసి అన్న మాట మా హాస్పిటల్లో ఎవరూ వాడరు. అన్నీ చెమ్మలే.

చేతులు కడుక్కున్నాను. కేకు ముట్టుకోలేదు కదా, ఎందుకు కడుక్కున్నానో.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ప్లంబరు వచ్చి చూశాడట. డ్రైనేజీ అద్దంలా ఉందని చెప్పి పోయాడట. ఈ ప్లంబర్లంతా ఇంతే, పైపైన చూసి పోతారు. ఇంకొకణ్ణి పిలవమన్నాను. "నీకెందుకే అంత పట్టుదల" అంది అక్క, ఏడుస్తున్నట్టుగా. జలుబు చేసినట్టుంది దానికీ.

ఫిబ్రవరి 22, ఆదివారం

రాయాలంటే చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

భోజనాలయ్యాక అమ్మ నిద్రపోయింది. అక్క వంటింట్లో ఉంది. బావ ఇంట్లో లేడు. అమ్మ అటు ఒత్తిగిలింది, దుప్పటి కాస్త జారింది. మోకాలి మీద తెల్లగా ఉబ్బెత్తుగా ఏదో ఉంది. ఇంత కట్టు ఎందుకు కట్టాడా అనుకున్నాను. వంగి చూస్తే పిల్లల డైపరు. పసిపిల్లలకు కట్టే డైపరు. మోకాలికి చుట్టి, పైన ప్లాస్టరు వేసి ఉంది. డైపరు నిండి బరువుతో కిందికి వేలాడుతోంది. ప్లాస్టరు అంచు లేపాను. లోపల పచ్చగా, చిక్కగా. కుట్ల మధ్యలో చిన్న బెజ్జం. అమ్మ నిద్రలో కాలు కదిపినప్పుడల్లా ఆ బెజ్జంలోంచి ఒక బొట్టు బయటికి వచ్చి జారుతోంది.

బాత్రూంలోకి పోయి కక్కుకున్నాను. రోజూ చూసే పనే కదా, ఎవరిదైనా చూస్తాను, కన్నార్పకుండా చూస్తాను. ఇవాళ మాత్రం తిన్నదంతా బయటికొచ్చేసింది. ఆ బాత్రూం ఎంత శుభ్రంగా ఉందో అప్పుడు చూశాను.

ఆ వాసన నాకు తెలుసు. డ్రైనేజీ అనుకున్నాను. ప్లంబరు కాదన్నా డ్రైనేజీయే అన్నాను. ఇన్నేళ్లుగా ఈ ముక్కుతోనే కదా బతుకుతున్నాను. ఎందుకలా అనుకున్నానో.

తిరిగొచ్చేసరికి అమ్మ లేచి దుప్పటి లాక్కుని కూర్చుంది. నేను చూసిన సంగతి అల్లుడికి చెప్పొద్దంది. అదీ అమ్మ మొదటి మాట. తలగడ కింద మాత్రల అట్టలు, సగం ఖాళీ అయినవి. హాస్పిటల్ నుంచి ఇంటికి వచ్చిన వారానికే కారడం మొదలైందట. అప్పటి నుంచీ ఇవే మింగిస్తున్నాడట. డైపరు ఐడియా అక్కదట.

నేను కూర్చుని మెల్లగా చెప్పాను. కొత్త మోకాలంటే ఇనుమూ ప్లాస్టిక్కూ, దానికి చీము పడితే మాత్రలకు లొంగదు. తొందరగా పట్టుకుంటే మళ్లీ తెరిచి, కడిగి, మధ్యలో ప్లాస్టిక్ ముక్క ఒక్కటి మార్చి ఆ మోకాలిని బతికించొచ్చు. ఆలస్యమైతే క్రిమి ఇనుముకు జిగురులా పట్టేస్తుంది. అప్పుడు మొత్తం పీకేయాలి. పీకాక మళ్లీ పెడతారో లేదో, నడుస్తావో లేదో ఎవరూ చెప్పలేరు అన్నాను. అమ్మ అంతా విన్నది.

"కారితే కారింది. కాలే కదా" అంది. "వాళ్లావిడ తల్లికే చీము పట్టించాడని నలుగురూ అనుకుంటే అతని దగ్గరికి ఎవరొస్తారు? మీ అక్క బతుకు ఏమైపోవాలి?"

నాకు ఒళ్లు మండింది. అమ్మ మీద, అక్క మీద, బావ మీద, ఆ డైపరు మీద. అమ్మకు కట్టు మార్చి వచ్చేశాను. నా రుమాలు అక్కడే చెత్తబుట్టలో పారేశాను.

ఫిబ్రవరి 23, సోమవారం

బావ చేతులు కడుక్కునే చోట పట్టుకున్నాను. అక్కడైతే తప్పించుకుని పోలేడు, మోచేతుల దాకా సబ్బు ఉంటుంది.

చూశాను అన్నాను. దేన్ని అని అడగలేదు. కొళాయి వంకే చూస్తూ, "రసి కాదది. చెమ్మ" అన్నాడు. "కొందరి ఒంటి తత్వమే అంత. ఇంకో వారం మాత్రలు వేస్తే ఆరిపోతుంది."

"చెమ్మకు డైపరు కడతారా బావా?"

హాస్పిటల్లో బావా అనడం ఇదే మొదటిసారి. రుద్దిన చేతినే మళ్లీ రుద్దాడు. తర్వాత చెప్పింది ఇది, పొల్లుపోకుండా రాస్తున్నాను:

"నువ్వు లెక్కలు రాసేదానివి. నేను కోసేవాణ్ణి. మా అత్తగారి కాలు నా చేతుల్లోనే చెడిందని ఒప్పుకుంటే, రేపు ఇంకొకరి కాలు మీద కత్తి ఎలా పెట్టమంటావు?"

నిజం చెబుతున్నాడు. అదే ఇంకా అసహ్యం. అబద్ధమాడితే తిట్టి పోయేదాన్ని. ఆయన భయం చూస్తుంటే జాలేసింది, ఆ జాలి చూసుకుంటే నా మీద నాకు రోత పుట్టింది. అమ్మ కాలు కుళ్లుతుంటే నేను ఈయన చేతుల గురించి ఆలోచిస్తున్నాను.

తెరిచి కడగమన్నాను. వారం ఆగమన్నాడు. తలుపు భుజంతో తోసుకుని ఆపరేషన్‌కు వెళ్లిపోయాడు. లోపల ఎవరిదో మోకాలు ఎదురు చూస్తోంది.

ఫిబ్రవరి 24, మంగళవారం

అక్క ఫోన్. నా సంసారంలో వేలు పెట్టకు అంది. నా ఉద్యోగం ఎవరి చలవో గుర్తుంచుకోమంది. చిన్నప్పటి నుంచీ నాకు తనంటే కుళ్లట. కుళ్లు అన్న మాట వాడింది, ఆ మాటే దొరికింది దానికి.

ఫిబ్రవరి 25, బుధవారం

ఏమీ చేయలేదు. ఫోన్లు చేశాను. అందరూ బాగానే ఉన్నారు.

ఫిబ్రవరి 26, గురువారం

పొద్దున్నే అక్కే ఫోన్ చేసి పిలిస్తే వాళ్లింటికి పరిగెత్తాను. అమ్మకు వణుకుతో జ్వరం. మాట తడబడుతోంది. బావ వేరే ఊళ్లో మీటింగులో ఉన్నాడు. ఫోనులో మాత్ర పెంచమన్నాడట. అక్క మాత్ర చేతిలో పట్టుకుని నా మొహం చూసింది. వేయనా వద్దా అని నన్ను అడగడం దానికి తల కొట్టేసినట్టుంది. వద్దన్నాను. ఇద్దరం కలిసి అమ్మను కారెక్కించాం. సీటు మీద ప్లాస్టిక్ షీటు పరిచింది అక్క. కారు వాళ్లాయనది.

మా హాస్పిటల్లోనే ఇంకో సర్జన్ ఉన్నాడు. గొణుగుడు డాక్టరు అంటాం, ఏది చెప్పినా గోడకు చెబుతున్నట్టు గొణుగుతాడు. ఆయన కట్టు విప్పి చూసి, ఎవరు చేశారని కూడా అడగలేదు. ఎన్నాళ్లుగా మాత్రలు మింగుతోందని అడిగాడు. చెప్పాను. గొణిగాడు. నాకు వినిపించినంతవరకు అది మర్యాదైన మాట కాదు.

ఆయన చెప్పింది ఇది. లోపల ఏ క్రిమి ఉందో తెలియకుండా ఏ మందు పని చేస్తుందో తెలియదు. ఇన్నాళ్ల మాత్రలతో అది కనబడకుండా పోయింది. కాబట్టి మాత్రలన్నీ ఆపాలి. ఆపి, అమ్మను హాస్పిటల్లోనే పెట్టుకుని కనిపెడుతూ, అది మళ్లీ తలెత్తేదాకా ఆగాలి. అప్పుడు మోకాల్లోంచి నీరు తీసి చూడాలి. మధ్యలో జ్వరం హద్దు దాటితే ఆగకుండా తెరిచేయాలి.

అమ్మ మాత్రం ఒకే మాట అడిగింది, అల్లుడికి తెలుసా అని.

మార్చి 2, సోమవారం

ప్రతి పూటా అమ్మ మోకాలి మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను. వేడెక్కుతోంది. రసి ఎక్కువైంది. లోపల పాము బుస కొడుతున్నట్టుందట అమ్మకు. నొప్పికి మందిస్తున్నారు, చీముకు ఇవ్వడం లేదు. రాత్రంతా మూలుగుతోందని పక్క మంచం వాళ్లు నర్సుకు చెప్పారు.

క్రిమి బాగా పెరగాలి, గట్టిగా పెరగాలి, కనబడేంత పెరగాలి అని కోరుకుంటున్నాను. సొంత తల్లి కాల్లో. ఇంతకంటే నీచమైన కోరిక ఏ కూతురికైనా కలిగిందా? అమ్మ మూలిగినప్పుడు లోపలెక్కడో, ఆఁ పెరుగుతోంది అనుకున్నాను.

మార్చి 5, గురువారం

నీరు తీశారు. సూది గొట్టంలోకి ఎక్కుతుంటే చూశాను. నీరు అనకూడదు దాన్ని.

మార్చి 7, శనివారం

ల్యాబు ఆవిడ ఫోన్ చేసి, పెరిగింది అంది. ఏ మందుకు లొంగుతుందో కూడా చెప్పింది. నేను పట్టరానంత సంతోషంతో థాంక్సండీ, చాలా థాంక్సండీ అన్నాను. అవతల ఆవిడ, ఎవరి శాంపిల్ ఇది అని అడిగింది. మా అమ్మది అన్నాను. ఫోన్ పెట్టేసింది పాపం.

మార్చి 9, సోమవారం

మోకాలు బతకలేదు.

తెరిచి చూస్తే ఇనుము చుట్టూ అంతా పట్టేసి ఉందట. కడిగితే పోయే దశ దాటిపోయింది. మొత్తం తీసేసి, మందు కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి మూశారు. కాలు ఇక వంగదు. కొన్ని నెలలు అలా ఉండి, చీము పూర్తిగా పోయిందని తేలితే మళ్లీ కొత్తది పెట్టడం గురించి ఆలోచిస్తారు. ఈ వయసులో, ఈ ఎముకతో పెట్టగలరో లేదో చెప్పలేనన్నాడు గొణుగుడు డాక్టరు. కారడం మొదలైన వారంలో తెరిచి ఉంటే అని మొదలుపెట్టి ఆపేశాడు. మిగతాది గొణగనైనా లేదు.

తీసిన మోకాలు చూస్తానన్నాను. ట్రేలో ఉంది. జనవరిలో తళతళలాడుతూ డబ్బాలోంచి తీసిన ముక్క. ఇప్పుడు దాని మీద బూజు పట్టినట్టు పొర. వేలితో గీస్తే గ్లౌజుకు అంటుకుంది, జిగటగా. ఎంత కంపరంగా ఉందంటే గ్లౌజుతోపాటు చెయ్యి కూడా విప్పి పారేయాలనిపించింది.

బావ ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "రాసుకో. ఇన్ఫెక్షన్ అనే రాసుకో" అన్నాడు. అక్కడే, ఆయన ముందే రాశాను. సున్నా పోయి ఒకటి అయింది. ఏదో గెలిచినట్టు నడిచాను వరండాలో. అమ్మ అప్పటికింకా మత్తులోనే ఉంది.

మార్చి 12, గురువారం

అక్క వచ్చింది నా గదికి, ఇన్ని మెట్లూ ఎక్కి. పెళ్లయ్యాక ఇదే రావడం. మంచం మీద కూర్చుని ఏడ్చింది. హాస్పిటల్ లెక్కల్లో రాసుకున్నావు, సరే, బయట మాత్రం అనకు అని బతిమాలింది. అమ్మ బాత్రూంలో పడిపోయింది, కీలు కదిలిపోయింది, అందుకే తీసేశారు. అలా చెబుదామంది. అమ్మ కూడా అదే అంటోందట.

సరేనన్నాను. నా పని రాయడం. రాశాను. ఇరుగుపొరుగుకు చాటింపు వేయడం నా ఉద్యోగం కాదు. అక్క నా చేతులు పట్టుకుంది. చాలా ఏళ్లకు పట్టుకుంది. అందులో తప్పేమీ లేదు.

మార్చి 17, మంగళవారం

పరామర్శకు వచ్చినవాళ్లకు పడిపోయిందని చెబుతున్నాను. మొదటివాళ్లకు చెప్పినప్పుడు నీళ్లు నమిలాను. మూడోవాళ్లకు ఏ మూల జారిందో, సబ్బు ఎక్కడ పడి ఉందో కూడా చెప్పాను. వాళ్లు అయ్యో అన్నారు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

బావ ఆపరేషన్లు చేస్తూనే ఉన్నాడు. కత్తి పట్టుకోలేనన్న మనిషి రోజుకు మూడు చేస్తున్నాడు. మాత్రలు ముందు, శాంపిల్ తర్వాత. అదీ మారలేదు. నేను ఏమీ అనలేదు. అమ్మ పేరు పక్కన ఒకటి అని రాశాను కదా.

తప్పేమీ లేదని గురువారం రాశాను. ఇప్పుడు ఆ పేజీ మళ్లీ చదివాను. ఛీ.

మార్చి 21, శనివారం

టైలరమ్మ వచ్చింది హాస్పిటల్‌కు, అమ్మను చూడ్డానికి. లిఫ్టు దగ్గర నుంచి వార్డు దాకా గోడ పట్టుకుని వచ్చేసరికి మొహమంతా చెమట. సోమవారమే తన ఆపరేషన్ అట. బావ తేదీ ఇచ్చేశాడు. రెండు కాళ్లూ ఒకేసారి. ఒక్కతే ఉంటుంది, మిషనే ఆధారం. రెండు కాళ్లూ సరిగ్గా వస్తే మళ్లీ తొక్కుతుంది, రాకపోతే లేదు.

కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకుని, పాపం బాగైన కాలు అలా జారి పోగొట్టుకున్నావే అని బాధపడింది. మంచానికి అవతలి పక్క అక్క నిలబడి ఉంది. టైలరమ్మ నావైపు తిరిగింది.

"నువ్వు ఇక్కడే పనిచేస్తావు కదమ్మా, నీకు తెలియనిదేముంటుంది. మీ బావగారి చేత చేయించుకుంటే పర్వాలేదు కదా?"

అక్క నా కళ్లలోకి చూసింది. నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో నాకు తెలుసు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను, ఇంకెక్కడా రాయలేను. పర్వాలేదండీ అనబోయాను. పర్వా దాకా వచ్చింది కూడా. నవ్వు మొహం కూడా పెట్టాను.

అమ్మ దుప్పటి తీసి పక్కకు విసిరేసింది.

కాలు కట్టెలా చాపి ఉంది, తొడ నుంచి పిక్క దాకా కట్టు. కట్టులోంచి ఒక గొట్టం మంచం కింద సీసాలోకి దిగుతోంది. ఆ సీసా పైకి తీసి చూపించమంది నాకు. నేను కదల్లేదు. "తియ్యవే" అంది. వంగి తీశాను. బరువుగా, వెచ్చగా ఉంది. టైలరమ్మ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోబోతే అమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేనెక్కడా పడలేదు. నాకు చీము పట్టింది. పట్టిందని తెలిసి కూడా మాత్రలేసి దాచాడు మా అల్లుడు, నేనూ దాచాను. నా కాలు కాబట్టి దాచుకున్నాను. నీ కాళ్లు నేనెక్కడ దాచను?"

గట్టిగా అనలేదు. కూరగాయల ధర చెప్పినంత మామూలుగా అంది. అక్క అమ్మా అంది. ఆ తర్వాత బయటికి వెళ్లిపోయింది. వరండాలో దాని చెప్పుల చప్పుడు మెట్ల దాకా వినిపించింది. టైలరమ్మ సీసా వంక చూసింది. తర్వాత అమ్మను కాదు, నన్నే అడిగింది, నేనేం చెయ్యనమ్మా అని.

సోమవారం రాకండి, ఇంకో డాక్టరుకు చూపిస్తాను అన్నాను. అమ్మ అంతా చెప్పేశాక ఆ ఒక్క మాట అనడానికి నాకు ధైర్యమే అక్కర్లేకపోయింది.